వచ్చిందా నాన్నా?

టీవీ మెకానిక్ కూతురికి టీవీ వెనకాల వైర్లు పెట్టడం రాదంటే ఎవరైనా నవ్వుతారు. నేనూ నవ్వేదాన్నే... ఆ కూతుర్ని నేను కాకపోయుంటే!

ఓ ఆదివారం మధ్యాహ్నం. మేడిపల్లిలో మా పుట్టిల్లు. హాల్లో టీవీకీ గోడకీ మధ్య మూరెడు సందులో ఇరుక్కుని కూర్చున్నాను. ఒళ్లో సెల్‌ఫోన్ టార్చి, చేతిలో ఎర్ర వైరొకటి, నల్ల వైరొకటి, జుట్టు నిండా బూజు. అయిదు స్పీకర్లూ ఓ ఊఫరూ పెళ్లింటికొచ్చిన చుట్టాల్లా హాల్లో ఎక్కడ పడితే అక్కడ కూర్చుని ఉన్నాయి.

"వచ్చిందా నాన్నా?" అనడిగాను, గోడకేసి చూస్తూనే.

జవాబు లేదు.

"నాన్నా, నీ వెనకున్న స్పీకర్లో సౌండు వస్తోందా?"

ఊహూ. సోఫాలో కూర్చున్న మనిషి ఉలకడు, పలకడు. అలిగాడనుకున్నాను. అలక్కి కారణం కూడా ఉంది మరి. పొద్దున పెట్టె విప్పుతున్నప్పుడు ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని ఉత్సాహంగా వచ్చాడు. "జరుగు, నేను చూస్త" అన్నాడు. "వద్దు నాన్నా, ఇవన్నీ కొత్తవి, నీకు తెలీవు" అన్నాను నేను. ఆ మాటకి ఆయన స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేసి వెళ్లి సోఫాలో కూర్చున్నాడు. అప్పట్నుంచీ అక్కడే!

ఈ 'వచ్చిందా' అనే మాట మా ఇంట్లో కొత్తది కాదు. ఎటొచ్చీ, అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ తారుమారయ్యారంతే.

*

నాన్న ఉప్పల్లో టీవీ రిపేరు షాపు తెరిచింది 1982లో. ఢిల్లీ ఏషియాడ్ పుణ్యమా అని దేశంలోకి కలర్ టీవీ వచ్చిన సంవత్సరం అది. అయితే నాన్న బల్ల మీదికి కలర్ టీవీ రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అప్పట్లో మా వైపు ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా బ్లాక్ అండ్ వైట్ సెట్లే, అందులోనూ ఈసీ టీవీలు. నాచారం, మల్లాపూర్ దాటి వెళ్తే వచ్చే ఈసీఐఎల్‌లో తయారయ్యేవవి. అణుశక్తి విభాగం కింద 1967లో పుట్టిన ఆ సంస్థే దేశంలో మొదటి సాలిడ్ స్టేట్ టీవీని తయారుచేసిందని నాన్న ఇప్పటికీ, తనే తయారుచేసినంత గర్వంగా చెబుతాడు. "మన ఊరి టీవీ" అంటాడు దాన్ని.

షాపులో రిపేర్లు పగలు. సాయంత్రమైతే యాంటెన్నాలు. గాలివాన వచ్చిన మర్నాడు మా ఇంటి ముందు క్యూ! కాకి వాలినా, కోతి ఊపినా, పతంగి తగులుకున్నా నాన్న డాబా ఎక్కాల్సిందే. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ఉన్న రామంతాపూర్ మాకు పక్కనే. టవరు అంత దగ్గరుంటే బొమ్మ అద్దంలా రావాలి కదా అనుకుంటాం. కానీ సిగ్నలు నేరుగా ఒకటొస్తే, ఏ గోడకో ట్యాంకుకో కొట్టుకుని ఇంకోటి కాస్త ఆలస్యంగా వచ్చేది. దాంతో తెరమీద ఒక్కో మనిషి పక్కన నీడలాంటి మనిషి. వార్తలు చదివే ఆవిడ పక్కన ఇంకో ఆవిడ! ఆ రెండో ఆవిడ మాయమయ్యేదాకా యాంటెన్నాని బెత్తెడు అటూ, బెత్తెడు ఇటూ తిప్పాలి.

అక్కడే నా ఉద్యోగం. ఏడేళ్లదాన్ని. కింద ఇంట్లో టీవీ ముందు నిలబడి కిటికీలోంచి అరవాలి.

పైనుంచి నాన్న: "వచ్చిందా బిడ్డా?"

నేను: "రాలే!"

"ఇప్పుడు?"

"వచ్చిందీ... పోయిందీ!"

"జర ఎడమకు తిప్పుతున్న, చూడు."

"వచ్చింది వచ్చింది వచ్చింది, తిప్పకు నాన్నా!"

శుక్రవారం రాత్రి చిత్రలహరికి ముందయితే ఒకేసారి నాలుగిళ్లలోంచి నాలుగు గొంతులు. అందులోంచి నా గొంతు వేరు చేసి వినేవాడు నాన్న. డాబా మీంచి, మూడు ఇళ్ల అవతల నుంచి!

షాపులోనూ నాకో పని ఉండేది. పాత పిక్చర్ ట్యూబు టీవీ ఆన్ చేయగానే సన్నటి ఈల లాంటి శబ్దం వచ్చేది, గుర్తుందా? తెరమీద బొమ్మని 625 గీతలుగా, సెకనుకి 25 సార్లు గీయాలి. గుణిస్తే 15,625. సెకనుకి అన్నిసార్లు కొట్టుకునే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే కూత అది. బొమ్మ రాకపోయినా ఆ కూత వస్తోందంటే సెట్టులో ప్రాణం ఉన్నట్టే లెక్క. "ఈల వస్తుందా బిడ్డా?" అనడిగేవాడు నాన్న. నేను చెవి ఆనించి "వస్తోంది" అనేదాన్ని. అయితే ఫలానా భాగం బాగుందన్నమాట అని వేరేచోట వెతికేవాడు. నాకెంత గర్వమో! నాన్నకి మీటరు లేదా అంటే ఉంది, కానీ నన్నే అడుగుతున్నాడు కదా అని.

అంత సన్నటి శబ్దం నలభై దాటిన చెవులకి మామూలుగానే వినిపించదని నాకు తెలిసింది మొన్నమొన్న. అంటే ఆయన నా చెవుల్ని అప్పట్నుంచే అరువు తెచ్చుకుంటున్నాడు.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. కేబులు వైరు ఇంటింటికీ పాకింది. యాంటెన్నాలు బట్టలారేసే కర్రలయ్యాయి. నాన్న దిగులు పడలేదు, కేబులొస్తే టీవీలు పెరిగాయి, టీవీలు పెరిగితే రిపేర్లు పెరిగాయి. ఆ సంపాదనతోనే 1996లో మేడిపల్లిలో 150 గజాలు కొన్నాడు. అప్పుడు ఇక్కడ వరంగల్ రోడ్డు దిగితే మట్టి బాట, పొలాలు, సాయంత్రమైతే కప్పల కచేరీ. అసలు దెబ్బ ఎల్‌సీడీలతో తగిలింది. వాటిల్లో రిపేరు చేయడానికేం ఉండదు, బోర్డు పీకి బోర్డు పెట్టడమే. డ్రై సోల్డరు ఎక్కడుందో వేలితో తట్టి కనిపెట్టే మనిషికి అది పనే కాదు. 2009లో షాపు మూసేశాడు. సోల్డరింగ్ ఐరన్ మాత్రం ఇంట్లో దేవుడి గూటి పక్కన ఉంటుంది.

*

ఇక ఇప్పటి కథ. నాన్నకి డెబ్బై నిండాయి. నాలుగైదేళ్లుగా ఆయన టీవీ చూడటం మానేశాడు. సినిమా పెడితే పది నిమిషాలు కూర్చుని, లేచి వరండాలోకి వెళ్లిపోతాడు. ఫోనొస్తే అమ్మకిచ్చేస్తాడు. నలుగురం కూర్చుని నవ్వుకుంటుంటే ఒక క్షణం ఆలస్యంగా నవ్వుతాడు, అదీ మా మొహాలు చూసి. "వయసైంది, దేనిమీదా ధ్యాస లేదు" అని అమ్మ. "షాపు పోయింది కదా, ఆ బెంగ" అని నేను. పత్రికలో పనిచేసేవాళ్లకి ప్రతిదానికీ ఓ సిద్ధాంతం ఉంటుందిలెండి.

అమ్మకీ ఆయనకీ రోజూ తగువే. ఒకరోజు అమ్మ "ఏమయ్యా, కాలు జర చూడు" అంది, మోకాలు వాచిందని. ఈయన లేచి వంటింట్లోకి వెళ్లి, స్టవ్ దగ్గర నిలబడి వచ్చి "ఇంక పొంగలే" అన్నాడు. మేమందరం పడీపడీ నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు నాకు గొంతు పట్టేస్తుంది.

బెంగళూరులో ఉండే తమ్ముడు, నాన్న డెబ్బయ్యో పుట్టినరోజుకి ఏదైనా కొందామన్నాడు. 'ఆయన జీవితమంతా మూడంగుళాల స్పీకర్లతో గడిపాడు, ఓ మంచి హోమ్ థియేటర్ కొనిస్తే మళ్లీ టీవీ ముందు కూర్చుంటాడు' అని ఇద్దరం తీర్మానించాం. చెరి సగం వేసుకుని 5.1 సెట్టు తెప్పించాం. బిగించే బాధ్యత నాది, నాచారంలో ఉంటాను కాబట్టి.

బిగించడమంటే ఏముంది, చూసి పెట్టడమే కదా అనుకున్నాను. పొద్దున పదింటికి మొదలెట్టాను. టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాలు మూడున్నాయి. మూడూ కవల పిల్లల్లా ఒకేలా ఉన్నాయి. మొదటిదాన్లో పెట్టాను. బొమ్మ టీవీలో, మాట కూడా టీవీలోనే! ఆంప్లిఫైయరు మూగనోము పట్టింది. సరే, పెట్టెలో ఇంకో సన్నటి వైరుంది, ఆప్టికల్ అట. వెలుతురుతో శబ్దాన్ని మోస్తుంది. అదీ పెట్టాను, కాదు, దిగబడేలా నొక్కాను. చప్పుడు లేదు. అరగంట కుస్తీ పట్టాక మా తొమ్మిదేళ్ల పాప వచ్చి, "అమ్మా, దీనికి టోపీ తీయలేదు" అంది. వైరు కొసకి గోరంత పారదర్శకపు ప్లాస్టిక్ తొడుగు. అది ఉండగా రంధ్రంలో పూర్తిగా దిగదు.

తర్వాత తమ్ముడు వీడియో కాల్లో టీవీ వెనకభాగం చూసి నా పరువు మిగిలింది కూడా తీసేశాడు. మూడు రంధ్రాల్లో ఒకదాని పక్కన చిన్న అక్షరాల్లో 'ఏఆర్‌సీ' అని ఉంది. టీవీలోంచి శబ్దం వెనక్కి ఆంప్లిఫైయరుకి వెళ్లే దారి అదొక్కటే. 2009లో వచ్చిన ఏర్పాటట. అందులో పెట్టి, టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి శబ్దం బయటి స్పీకర్లకి పంపమని చెబితేగానీ పని జరగదు. (మీ ఇంట్లో కూడా కొత్త సెట్టు మూగగా ఉంటే షాపువాణ్ని తిట్టే ముందు ఈ రెండూ చూడండి.)

ఆ తర్వాత గది కొలుచుకునే పరీక్ష. చిన్న మైకు ఇస్తాడు, దాన్ని మనం కూర్చునేచోట పెట్టాలి. ఒక్కో స్పీకరూ కిచకిచమంటుంది, ఎంత దూరంలో ఉందో ఎంత గట్టిగా వినిపిస్తోందో యంత్రం లెక్కేసుకుంటుంది. అంతసేపూ ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. ఆదివారం మధ్యాహ్నం మేడిపల్లిలో నిశ్శబ్దం! మొదటిసారి కుక్కరు కూత. రెండోసారి వరంగల్ హైవే మీద లారీ హారను. మూడోసారి ఉల్లిగడ్డల ఆటోవాడి మైకు. యంత్రం నా మొహాన తప్పు గుర్తు పడేసింది. సరే, చేత్తోనే చూసుకుందామని ఒక్కో స్పీకరుకీ విడివిడిగా పరీక్ష శబ్దం పంపడం మొదలెట్టాను. భయంకొద్దీ వాల్యూము బాగా తగ్గించి పెట్టాను.

అప్పుడే అడిగింది, "వచ్చిందా నాన్నా?" అని.

జవాబు రాలేదని చెప్పాను కదా. ఇంతలో వంటింట్లోంచి పాప గొంతు: "అమ్మమ్మా, గ్యాస్ లీకవుతోందా? ఉష్‌ష్ అని వినిపిస్తోంది!"

టీవీ వెనకనుంచి లేచి నిలబడ్డాను. ఉష్‌ష్‌మనే ఆ శబ్దం నాన్న కుడి చెవికి రెండడుగుల దూరంలో ఉన్న స్పీకర్లోంచి వస్తోంది. నాన్న టీవీ వైపే చూస్తూ కూర్చున్నాడు, శబ్దం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నట్టు.

నా తల టీవీ పైకి రాగానే నా మొహం చూసి, "ఏంది బిడ్డా?" అన్నాడు.

అలక లేదు ఆ గొంతులో. ఏమీ లేదు. నేను మళ్లీ వంగి, గోడకేసి తిరిగి, మామూలుగా "మంచినీళ్లు తాగుతావా నాన్నా?" అన్నాను. జవాబు లేదు. లేచాను. ఆయన చూసి, "ఏమన్న అన్నవా?" అన్నాడు.

ఇన్నేళ్లుగా ఆయన మా మాటలకి జవాబు చెప్పడం లేదు. మా మొహాలకి చెబుతున్నాడు.

*

ఆరోజు ఇంక వైర్లు ముట్టుకోలేదు. సాయంత్రం వరండాలో పక్కన కూర్చుని, ఆయనకి ఎదురుగా తిరిగి అడిగాను, ఎన్నాళ్లయిందని. "నాలుగైదేండ్లు" అన్నాడు. ఎందుకు చెప్పలేదంటే చాలాసేపు రోడ్డు వైపు చూశాడు. "మెకానిక్‌కు చెవే మీటరు బిడ్డా. మీటరు చెడిపోయిందని గిరాకీకి ఎవడన్న చెప్తడా?" అన్నాడు. షాపు మూసి పదిహేనేళ్లు దాటింది. ఆయనకి మేమే గిరాకీ అన్నమాట.

వారం తిరక్కుండా కోఠీ తీసుకెళ్లాను, ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి. కోఠీ అంటే నాన్నకి రెండో ఇల్లు. పాతికేళ్లు వారానికోసారి గుజరాతీ గల్లీకి వచ్చి ఐసీలు, కెపాసిటర్లు, స్పీకర్ల పేపర్ కోన్లు కొనుక్కుపోయినవాడు. ఆ పక్కనే చెవుల ఆసుపత్రి ఉందని తెలుసు, కానీ ఎన్నడూ గడప తొక్కలేదు.

గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను బయట నిలబడి అద్దంలోంచి చూస్తున్నాను. మొదట్లో టకటకా నొక్కాడు. తర్వాత తర్వాత ఆయన వేలు మీట మీద అలాగే ఆగిపోయింది. నుదురు ముడిచి, కళ్లు మూసుకుని, ఎంతో శ్రద్ధగా... ఏమీ లేనిదాన్ని వింటున్నాడు. ఆ రెండు నిమిషాలు నేను చూడలేకపోయాను.

చేతికిచ్చిన కాగితం మీద గీత ఎడమ వైపు బాగానే ఉంది. కుడివైపు వెళ్లేకొద్దీ గుట్ట దిగిన బాటలా కిందికి జారిపోయింది. ఆడియాలజిస్టు విడమరిచి చెప్పింది. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేవి సన్నటి, ఎత్తయిన శబ్దాలు. మన మాటలో అచ్చులు మందంగా ఉంటాయి, అవి వినిపిస్తాయి. క, త, ప, స లాంటి హల్లుల్లో ఉండేది సన్నటి శబ్దమే. అవి రాలిపోతాయి. అందుకే మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది కానీ ఏం మాట్లాడుతున్నాడో తెలియదు. "ఆలు" అని వినిపిస్తుంది... అది కాలో పాలో సొంతంగా ఊహించుకోవాలి.

కాలూ పాలూ! నేనూ నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఇంకోటి కూడా చెప్పిందామె. ఇలాంటి చెవికి చిన్న శబ్దం వినిపించదు కానీ పెద్ద శబ్దం మామూలు వాళ్లకంటే త్వరగా బాధ పెడుతుంది. కాబట్టి 'వాల్యూము పెంచితే సరి' అన్నది కుదరదు. పెంచితే ఫైటు చెవులు పగలగొడుతుంది, తగ్గిస్తే మాట గొణుగుతుంది. నాన్న వరండాలోకి ఎందుకు వెళ్లిపోయేవాడో అప్పుడర్థమైంది. ఈ బాధ ఆయనొక్కడిదే కాదు లెండి. ప్రపంచంలో 150 కోట్ల మందికి పైగా ఎంతో కొంత వినికిడి లోపం ఉందని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన ఇళ్లల్లో దానికి 'ముసలితనం', 'మొండితనం', 'ధ్యాస లేదు' అని రకరకాల పేర్లు.

చెవి వెనక పెట్టుకునే మిషను రాశారు. వచ్చేటప్పుడు నాన్న నా చెయ్యి పట్టుకుని గుజరాతీ గల్లీలోకి లాక్కెళ్లాడు. "స్పీకరు వైరు కొందాం. వాళ్లిచ్చింది వెంట్రుకలెక్క ఉన్నది" అన్నాడు.

*

మరుసటి ఆదివారం నేను సోఫాలో కూర్చున్నాను. నాన్న కింద కూర్చున్నాడు.

ఆయన పని చేస్తుంటే చూడటం ఎన్నేళ్లయిందో! క్యాలెండరు కాగితం వెనకాల ముందు బొమ్మ గీసుకున్నాడు. తర్వాత రిమోటులోంచి ఓ పెన్సిల్ సెల్ తీసి, స్పీకరు వైరు రెండు కొసలూ దాని అటూ ఇటూ తాకించాడు. స్పీకరు 'టప్' మంది. "కోన్ ముందుకొచ్చిందా వెనక్కిపోయిందా చూడు" అన్నాడు పాపతో. ముందుకొస్తే ప్లస్సు సరిగ్గా ఉన్నట్టు. ఒక స్పీకరు ముందుకీ ఇంకోటి వెనక్కీ తోస్తుంటే ఒకదాని శబ్దాన్ని ఇంకోటి మింగేస్తుంది, ముఖ్యంగా మందపు శబ్దాన్ని. నేను ఆ ఆదివారం రెండు స్పీకర్లకి ఎరుపూ నలుపూ తిరగేసి పెట్టానని బయటపడింది. చెవితో కాదు, కంటితోనూ వేళ్లతోనూ కనిపెట్టేశాడు. అన్ని స్పీకర్ల మీదా వేలి కొసలు ఆనించి, ఏది పలుకుతోందో ఏది లేదో చెబుతున్నాడు.

పెట్టె మీద వాట్ల అంకె చూసి మాత్రం పాత కోపం బయటికొచ్చింది. ఒకప్పుడు డబ్బాల మీద '1000 వాట్స్ పీఎంపీఓ' అని వేసి అమ్మేవారు గుర్తుందా? లోపల చూస్తే పది వాట్ల ఐసీ ఉండేదని ఆయన ఫిర్యాదు. "వాట్లు రెట్టింపు చేస్తే చెవికి పెరిగేది 3 డెసిబెల్సే, ఆ ముచ్చట ఎవడూ చెప్పడు" అన్నాడు. దీని మీద అరగంట ప్రసంగం చేయగలడు. చేశాడు కూడా.

అన్నీ పెట్టాక మధ్యలో పెట్టాల్సిన పొడుగాటి స్పీకరు మిగిలింది. దీనిదేం పని అన్నాడు. నేను కాస్త చదువుకుని వచ్చాను కాబట్టి చెప్పాను. 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్, 1993లో 'జురాసిక్ పార్క్'తో డీటీఎస్ థియేటర్లలోకి వచ్చాయి. శబ్దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ ఒక్కో స్పీకరుకి పంపడం వీటి పని. డైనోసారు వెనకనుంచి వస్తే అరుపు వెనకనుంచే వస్తుంది. కానీ మనుషులు మాట్లాడే మాట మాత్రం దాదాపు అంతా మధ్య స్పీకర్లోంచే. థియేటర్లో అది తెర వెనకాల ఉంటుంది, తెరకి కంటికి కనపడనన్ని చిల్లులు పెట్టి, శబ్దం వాటిల్లోంచి వచ్చేట్టు చేస్తారు. టీవీకున్న రెండు చిన్న స్పీకర్లలో ఈ ముక్కలన్నీ కలిపి కుక్కినప్పుడు సంగీతం, బాంబులు, వాన... అన్నిటి కిందా మాట నలిగిపోతుంది.

నాన్న ఆ పొడుగాటి స్పీకరుని ఒళ్లో పెట్టుకుని కాసేపు తడిమాడు.

"అంటే మాట కోసం వేరే స్పీకరు పెట్టిండ్రా?"

"అవును నాన్నా."

"దాన్నొక్కదాన్నే పెంచొచ్చా?"

పెంచొచ్చు. సెట్టింగుల్లో ఒక్కో స్పీకరుకీ విడిగా ఉంటుంది. మిగతా వాటిని ఉన్నచోటే ఉంచి, మధ్యదాన్ని 5 డెసిబెళ్లు పెంచాం. ఫైటు చప్పుళ్లు నొక్కిపెట్టి చిన్న శబ్దాల్ని లేపే 'నైట్ మోడ్' కూడా ఉంది. పక్కింటివాళ్లు పడుకున్నాక చూసుకోవడానికి పెట్టిన ఏర్పాటది, మాకు పగలు కూడా పనికొచ్చింది. స్పీకరుని టీవీ కింద అల్మరాలో తోసేయకుండా అంచుకి లాగి, మూతి నాన్న చెవులకేసి ఉండేట్టు కింద రబ్బరు ముక్కలు పెట్టాడు. మూలనున్న ఊఫరుని కాస్త బయటికి జరిపాడు, మూలలో ఉంటే గోడలు దాని హోరుని ఇంకా పెంచుతాయని.

ఆ తర్వాత హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టమన్నాడు. కొట్టాను. మార్బుల్ నేల, ఉత్త గోడలు... చప్పట్లు టంగుమని తిరిగొచ్చాయి. "నాకు ఇనపడకున్న నీకు ఇనపడ్తది కద, మోగుతుందా?" మోగుతోందన్నాను. ఆ మోతలో మాట ఇంకా చెదిరిపోతుంది. నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ "నా బొంత ఇయ్య" అంది. పది నిమిషాల తర్వాత పాతచీరలతో కుట్టిన ఆ బొంత హాలు వెనక గోడకి వేలాడుతోంది. వచ్చినవాళ్లు అదేదో కళాఖండం అనుకుంటున్నారు.

*

అంతా సుఖాంతమని చెప్పను. చెవి మిషను పెట్టుకున్న మొదటి రెండ్రోజులూ నాన్నకి నరకం. ఫ్యాను రొద, పళ్లెం చప్పుడు, క్యారీబ్యాగు గలగల... అన్నీ కుప్పగా మీద పడ్డాయి. మూడోరోజు తీసి దేవుడి గూటి పక్కన, సోల్డరింగ్ ఐరన్ దగ్గర పెట్టేశాడు. అమ్మ మళ్లీ పెట్టించింది. ఆయన మళ్లీ తీశాడు. రోజుకో గంట చొప్పున పెంచుకుంటూ పోతే నెలన్నరకి అలవాటయింది. ఇప్పటికీ పెళ్లిళ్లలో, ఫంక్షన్ హాళ్లలో ఏమీ అర్థం కాదంటాడు. ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడతాడు, మేం ఏం దాచుకున్నా వీధికి తెలుస్తుంది.

తమ్ముడు వచ్చిన రోజు సినిమా పెట్టాం. 'మాయాబజార్' అన్నాన్నేను. 1957 నాటి ఆ సినిమాకి 2010లో రంగులేసి డీటీఎస్ శబ్దంతో విడుదల చేశారు కదా, నాన్నకి బాగుంటుందని.

"అది వద్దు" అన్నాడు నాన్న.

"అదేంటి, నీకిష్టం కదా!"

"అది నాకు మొత్తం నోటికొచ్చు. ఇనపడ్డదో గుర్తొచ్చిందో ఎట్ల తెలుస్తది? నేను చూడంది పెట్టు."

చూడనిదే పెట్టాం. ఈమధ్య వచ్చిన ఏదో హాస్య చిత్రం. ఫోన్లు పక్కన పెట్టేసి మేమంతా తెర చూడటం మానేసి నాన్ననే చూస్తున్నాం. పది నిమిషాలు గడిచాయి, ఆయన లేవలేదు. ఇరవై నిమిషాలు. ఓ సీన్లో హీరో స్నేహితుడు ఏదో అన్నాడు. మేం నాన్న మొహం చూస్తూ ఉండటంతో ఆ మాట ఎవరికీ పట్టలేదు. నాన్న ఫక్కున నవ్వాడు. మేం నవ్వలేదని చూసి, "ఏమైంది మీకు, ఇనపడలేదా?" అన్నాడు.

మొన్న ఆదివారం వెళ్లాను. పనావిడ ఊడుస్తూ ఊఫరుని జరిపినట్టుంది, వైరు ఊడిపోయింది. మళ్లీ టీవీ వెనకాల దూరి, బూజులో చేతులు పెట్టి వైరు వెతికి గుచ్చాను. గోడకేసే తిరిగి ఉన్నాను. గొంతు పెంచలేదు.

"వచ్చిందా నాన్నా?"

"వచ్చింది బిడ్డా" అన్నాడు వెనకనుంచి. "జర ఎడమకు తిప్పు."